తాకట్టు ఇంట్లో బాడుగ బతుకు

(కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాస పాఠం)

ఇప్పుడు చిత్తూరు పట్నంలో కలిసిపోయిన కట్టమంచిలో 1880 డిసెంబరు 10న పుట్టిన రామలింగారెడ్డిని తెలుగువాళ్లు ముందుగా ‘ముసలమ్మ మరణము’ రాసిన కవిగా, ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకుడిగా తలుచుకుంటారు. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది. 1926లో దానికి తొలి ఉపకులపతి ఆయనే. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో సర్కారు సాగించిన అణచివేతకు నిరసనగా 1930లో పదవి వదిలేసి, 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపారు. ఆయన తెలుగులో అర్థశాస్త్రం కూడా రాశారన్న సంగతి మాత్రం సాహిత్య సభల్లో పెద్దగా వినపడదు. అప్పు, వడ్డీ, కౌలు, కూలి లాంటి విషయాలను అవి అనుభవించేవాళ్ల భాషలోనే శాస్త్రంగా చెప్పవచ్చునని నమ్మిన తొలితరం ఆయనది.

ఆయన పేరిట చేసే ఈ ప్రసంగానికి ఎంచుకున్న విషయం కూడా ఆయన సొంత జిల్లాదే. రాబడి పడిపోయిన కాలంలో ఇంటి ఓనరుకూ బాడుగకున్నవాడికీ మధ్య ఏం జరుగుతుంది? ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉంటే, ఆ అప్పు మొండిబకాయి అయితే, అందులో కాపురమున్నవాడి గతేమిటి? తిరుపతి, చిత్తూరు ఈ ప్రశ్నకు 2020 నుంచి కళ్లెదుటి ఉదాహరణలు.

కొండ మూసుకున్నాక

2020 మార్చి 20న తిరుమల ఆలయంలో భక్తుల దర్శనాలు ఆగిపోయాయి. స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా సాగాయి. జూన్ 8న టీటీడీ సిబ్బందితో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత స్థానికులను, 11వ తేదీ నుంచి మిగతా భక్తులను అనుమతించారు. అప్పుడు కూడా రోజుకు సుమారు 6 వేల మందికే వీలు. అంతకుముందు మామూలు రోజుల్లో కొండకు వచ్చేవాళ్లు 60, 70 వేల మంది. కేసులు పెరగడంతో జులై 21 నుంచి ఆగస్టు 5 దాకా తిరుపతి పట్నంలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. 2021 వేసవిలో రెండో అల వచ్చేసరికి భక్తుల సంఖ్య మరోసారి కొన్ని వేలకు దిగింది.

తిరుపతిలో బాడుగ ఇళ్ల వ్యాపారం మొత్తం ఈ సంఖ్య మీదే ఆధారపడి నడుస్తుంది. లాడ్జీలో దుప్పట్లు మార్చే కుర్రాడు, అలిపిరి నుంచి కొండకు జీపు తోలే డ్రైవరు, బస్టాండు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకున్న ఆమె, గాంధీరోడ్డులో పటాలూ కంకణాలూ అమ్మే దుకాణంలో గుమాస్తా, వీళ్లలో చాలామంది కొర్లగుంటలోనో జీవకోనలోనో బైరాగిపట్టెడలోనో ఒక గదీ వంటిల్లూ ఉన్న పోర్షన్లో ఉంటారు. నెల మొదటి వారంలో బాడుగ కడతారు. అది ఇవ్వాలంటే గడిచిన నెలంతా కొండకు జనం వచ్చి ఉండాలి.

శ్రీనివాసం, విష్ణునివాసం, మాధవం అనే మూడు వసతి సముదాయాలు యాత్రికులందరికీ తెలిసినవే. వాటిలో పారిశుద్ధ్యం లాంటి పనులు చేసే 1,300 మంది కాంట్రాక్టు కార్మికుల గడువు 2020 ఏప్రిల్ 30తో ముగిసింది. మే 1 నుంచి దాన్ని పొడిగించలేదు. గొడవ రేగాక వాళ్లను ఆదుకుంటామని టీటీడీ చెప్పింది. 1,300 మంది జీతం ఒక్కరోజులో ఆగితే, ఆ దెబ్బ వాళ్లు ఉంటున్న పోర్షన్ల ఓనర్లకూ తగులుతుంది. జీతాల జాబితాలో ఆ ఓనర్ల పేర్లు ఉండవు కాబట్టి ఆ నష్టం ఏ లెక్కకూ ఎక్కలేదు.

విద్యార్థుల కథ వేరే. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి, ఐఐటీ, ఐసర్ 2015 నుంచి ఈ ప్రాంతంలో ఉన్నాయి. వ్యవసాయ కళాశాల, పశువైద్య, సంస్కృత విశ్వవిద్యాలయాలు, స్విమ్స్, లెక్కలేనన్ని కోచింగ్ సెంటర్లు వీటికి తోడు. హాస్టల్లో సీటు దొరకని పిల్లలంతా ప్రైవేటు గదుల్లోనే. మార్చిలో సెలవులని ఊళ్లకు పోయిన పిల్లల పెట్టెలు, పుస్తకాలు, పరుపులు తాళం వేసిన గదుల్లో నెలల తరబడి ఉండిపోయాయి. సామాను ఉంది కాబట్టి బాడుగ కట్టాలని ఓనరు, మనిషి లేడు కాబట్టి కట్టేది లేదని తండ్రి. ఇద్దరి మాటలోనూ న్యాయముంది.

మూడు పోర్షన్ల లెక్క

ఇంటి ఓనరు అనగానే ధనవంతుడు కళ్లకు కడతాడు. తిరుపతి పేటల్లో బాడుగకిచ్చే ఓనర్లలో చాలామంది అలాంటివాళ్లు కారు. రిటైరైన టీచరు, ఆర్టీసీ కండక్టరు, దేవస్థానం గుమాస్తా, పల్లెలో ఎకరం అమ్మి పట్నం చేరిన రైతు. పీఎఫ్ డబ్బుతో కింది అంతస్తు కట్టి, బ్యాంకు అప్పుతో పైన రెండంతస్తులు లేపినవాళ్లు. అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు కూడా రాబోయే బాడుగను రాబడిగా లెక్కేస్తుంది.

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. 30 లక్షల అప్పు, ఏటా 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. నెల కంతు దాదాపు 27 వేలు. పైన మూడు పోర్షన్లు, ఒక్కోదానికి 9 వేల బాడుగ. రాబడి 27 వేలు, కంతు 27 వేలు. అంతా సవ్యంగా ఉన్నంతకాలం ఇల్లు తన అప్పు తానే తీర్చుకుంటున్నట్టు కనపడుతుంది. ఒక్క పోర్షన్ ఖాళీ అయితే మూడో వంతు కంతు జేబులోంచి పెట్టాలి. రెండు ఖాళీ అయితే ఓనరు పెన్షన్ మొత్తం అందులోకే పోతుంది. మూడు నెలలు వరుసగా కంతు తప్పితే, అంటే బకాయి 90 రోజులు దాటితే, ఆ అప్పు బ్యాంకు పుస్తకాల్లో మొండిబకాయిగా మారుతుంది.

బాడుగ ఆగిన రోజుకూ ఇంటికి నోటీసు అంటించే రోజుకూ మధ్య దూరం, మామూలుగా జనం ఊహించేదానికన్నా తక్కువ. ఆ దూరంలో బాడుగకున్నవాడూ ఓనరూ ఇద్దరూ ఒకే తాడు మీద నడుస్తుంటారు. కింద పడేటప్పుడు మాత్రం ఎవరి దారి వారిదే.

రెండు కాగితాలు

2020లో కేంద్రం నుంచి రెండు రోజుల తేడాతో రెండు కాగితాలు వెలువడ్డాయి.

మొదటిది మార్చి 27న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం. మార్చి 1 నుంచి మూడు నెలలు కంతులు కట్టకపోయినా మొండిబకాయిగా చూడరు. తర్వాత దాన్ని ఆగస్టు 31 దాకా పొడిగించారు. కంతు ఆగింది కానీ వడ్డీ ఆగలేదు. పైన చెప్పిన 30 లక్షల అప్పు అప్పుడే తీసుకున్నదైతే, ఆరు నెలల వడ్డీ అసలులో కలిసి సుమారు 31 లక్షల 37 వేలవుతుంది. కంతు పెంచకుండా పాత మొత్తమే కట్టుకుంటూ పోతే దాదాపు 35 కంతులు అదనంగా కట్టాలి. ఆరు నెలల ఊపిరికి మూడేళ్ల మూల్యం. వడ్డీ మీద వడ్డీ వరకు, 2 కోట్ల లోపు అప్పులకు తేడా సొమ్మును తానే భరిస్తానని అక్టోబరులో కేంద్రం ప్రకటించింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మారటోరియం కాలానికి ఎవరి దగ్గరా చక్రవడ్డీ వసూలు చేయకూడదంది. మామూలు వడ్డీ అలాగే ఉండిపోయింది.

రెండోది మార్చి 29న విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్ర హోంశాఖ ఇచ్చిన ఉత్తర్వు. వలస కార్మికులతో సహా బాడుగ ఇళ్లలో ఉండే కార్మికుల దగ్గర ఒక నెల బాడుగ అడగకూడదు. కార్మికులనూ విద్యార్థులనూ బలవంతంగా ఖాళీ చేయించే ఓనర్ల మీద చర్య తీసుకుంటారు.

రెండూ మంచి ఉద్దేశంతో వచ్చినవే. చిక్కు ఎక్కడంటే, ఒకదానికొకటి సంబంధం లేదు. కంతు వాయిదా దొరికిన ఓనరు బాడుగ కూడా వాయిదా వేయాలని ఎవరూ చెప్పలేదు. బాడుగ వదులుకున్న ఓనరుకు వడ్డీలో రాయితీ ఇమ్మని బ్యాంకుకూ చెప్పలేదు. కార్మికుడికి దక్కింది ఒక్క నెల. ఆ నెల గడిచాక ఓనరుతో మాట్లాడుకోవడం అతని పని. తిరుపతిలో చాలామంది అలాగే మాట్లాడుకున్నారు. కొందరు ఓనర్లు సగం బాడుగతో సరిపెట్టుకున్నారు, కొందరు అడ్వాన్సులోంచి కోసుకున్నారు. అడ్వాన్సు అయిపోయాక సామాను ఆటోకెత్తి సొంతూరు చేరిన కుటుంబాలూ ఉన్నాయి.

లాడ్జీలనూ దుకాణాలనూ లీజుకు నడిపేవాళ్లకు ఆ ఒక్క నెల కూడా లేదు. లాక్‌డౌన్ దైవికమైన అడ్డంకి కాబట్టి అద్దె రద్దు చేయాలని అడిగినవాళ్లకు చట్టంలో దారి ఇరుకు. ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైతే అది రద్దవుతుందన్న సూత్రం లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. 2020 మేలో ఢిల్లీ ఖాన్ మార్కెట్ దుకాణం కేసులో అక్కడి హైకోర్టు ఆ దారిలోనే నడిచింది. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, స్థలాన్ని దగ్గర పెట్టుకుని అద్దె ఎగ్గొట్టడం కుదరదని చెప్పి, కట్టడానికి కొంత వ్యవధి మాత్రం ఇచ్చింది.

1938లో ఒక్కటే చట్టం

అప్పునూ కౌలునూ కలిపి చూడటం కొత్త ఆలోచనేమీ కాదు. ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే అది జరిగింది.

1929 తర్వాత ప్రపంచమంతటా ధరలు కూలాయి. వేరుశెనగ, వరి ధరలు పడిపోయాయి. రైతు అప్పు మాత్రం పాత ధరల నాటి అంకెలోనే నిలబడింది, శిస్తూ అంతే. 1937లో రాజాజీ ప్రధానిగా, టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రిగా మద్రాసులో మంత్రివర్గం ఏర్పడ్డాక, 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం వచ్చింది. పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసింది. అసలుకు రెట్టింపు అప్పటికే కట్టి ఉంటే అప్పు తీరినట్టే లెక్కేసింది. అదే చట్టంలో జమీందారుకు పడిన బకాయిల గురించి కూడా రాశారు. దగ్గరి రెండు ఫసలీల (రెవెన్యూ సంవత్సరాల) శిస్తు చెల్లించిన రైతుకు అంతకుముందు బకాయి మాఫీ. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందారీలున్న చిత్తూరు జిల్లాలో ఇది పుస్తకాల్లో మిగిలిపోయే సంగతి కాదు.

ఆ చట్టంలో లోపాలు లేకపోలేదు. అది వ్యవసాయదారులకే, పట్నంలో బాడుగ ఇంట్లో ఉండేవాడికి కాదు. అప్పులిచ్చేవాళ్లు ఆ తర్వాత చేతులు ముడుచుకున్నారన్న ఫిర్యాదు కూడా ఉంది. అయినా దాన్ని రాసినవాళ్లు ఒక సంగతి గ్రహించారు. ధరలు పడిపోయినప్పుడు అప్పున్నవాడికీ కౌలుదారుకూ వేర్వేరు మందులిస్తే, ఒకడికిచ్చిన ఉపశమనం రెండోవాడి నెత్తిన బరువవుతుంది. 82 ఏళ్ల తర్వాత, 2020లో, ఆ గ్రహింపు కనపడలేదు.

గేటుకు అంటించిన నోటీసు

తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకునే తీరు ఇప్పుడు సర్ఫేసీ చట్టం చేతిలో ఉంది. 2002లో వచ్చిన ఈ చట్టం ప్రకారం బ్యాంకు కోర్టు గడప తొక్కక్కర్లేదు. ముందు 60 రోజుల గడువుతో డిమాండు నోటీసు. ఓనరు అభ్యంతరం చెబితే 15 రోజుల్లో జవాబు. అయినా కట్టకపోతే స్వాధీనం, ఆ తర్వాత 30 రోజుల నోటీసుతో వేలం. అడ్డుకోవాలంటే 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు పోవాలి. ఆ ట్రైబ్యునల్ చిత్తూరులో లేదు, తిరుపతిలోనూ లేదు.

వలలోకి వచ్చే ఇళ్లు కూడా సరిగ్గా ఆ కష్టకాలంలోనే పెరిగాయి. సహకార బ్యాంకులకూ ఈ చట్టం వర్తిస్తుందని 2020 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. 100 కోట్లకు పైగా ఆస్తులున్న ఫైనాన్స్ కంపెనీలు 50 లక్షలు, అంతకు మించిన అప్పులకే దీన్ని వాడే వీలుండగా, 2021 ఫిబ్రవరిలో ఆ పరిమితిని 20 లక్షలకు దించారు. అంటే మేడలూ బంగళాలే కాదు, రెండు పోర్షన్ల మిద్దె కూడా వచ్చి చేరింది.

స్వాధీన నోటీసు చదివి చూడాల్సిన కాగితం. గేటుకో వీధి తలుపుకో అంటిస్తారు, ఏడు రోజుల్లో రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. పైన బ్యాంకు పేరు, శాఖ. కింద రుణగ్రహీత, జామీనుదారు పేర్లు, బాకీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, డిమాండు నోటీసు తేదీ. ఈ ఆస్తితో ఎవరూ లావాదేవీలు పెట్టుకోరాదన్న హెచ్చరిక. చివర ఆస్తి షెడ్యూలు, చదరపు గజాలు, చెక్కుబందీ: తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమట రోడ్డు, ఉత్తరాన ఫలానా వారి ఖాళీ స్థలం. నాలుగు దిక్కులా ఎవరున్నారో ఉంటుంది. లోపల ఎవరుంటున్నారో ఉండదు.

ఆ కాగితం మొదట చదివేది చాలాసార్లు బాడుగకున్నవాళ్లే. పాలప్యాకెట్ తేవడానికి దిగిన ఇల్లాలో, కాలేజీకి బయల్దేరిన కుర్రాడో. ఓనరు వేరే పేటలో ఉంటాడు, ఫోను ఎత్తడు. వచ్చే నెల బాడుగ ఎవరికి కట్టాలి? అడ్వాన్సు ఎవరిస్తారు? పిల్లల పరీక్షలయ్యేదాకా ఉండనిస్తారా?

చట్టం జవాబు మూడు తీర్పుల్లో ఉంది. బాడుగదారు చెప్పేది వినకుండా అధికారి అతన్ని బయటికి పంపకూడదని 2014 ఏప్రిల్లో సుప్రీంకోర్టు చెప్పింది. రెంట్ కంట్రోల్ చట్టాల కింద రక్షణ ఉన్నవాణ్ణి సర్ఫేసీ పేరుతో గెంటేయడం కుదరదని 2016 జనవరిలో, బ్యాంక్ ఆఫ్ ఇండియా కక్షిదారుగా ఉన్న కేసులో, ఇంకా గట్టిగా అంది. ఆ ఏడాదే చట్టాన్ని సవరించి, బాడుగదారు కూడా ట్రైబ్యునల్‌కు పోయే వీలు కల్పించారు. 2019 సెప్టెంబరులో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో అదే కోర్టు తలుపు కొంత మూసింది. తాకట్టుకు ముందునుంచీ ఉన్న చెల్లుబాటైన బాడుగకు రక్షణ ఉంది. తాకట్టు తర్వాతదైతే ఆస్తి బదలాయింపు చట్టం 65ఏ సెక్షన్ షరతులకు లోబడి ఉండాలి. రిజిస్టరు కాని కాగితమో, నోటిమాటో అయితే ఏడాదికి మించి హక్కు లేదు. 60 రోజుల నోటీసు అందాక బ్యాంకు అనుమతి లేకుండా బాడుగకిస్తే అది చెల్లదు.

ఇక తిరుపతిలో రాసుకునే కాగితం సంగతి. 100 రూపాయల స్టాంపు పేపరు, 11 నెలల గడువు, ఇద్దరు సాక్షులు, నోటరీ ముద్ర. 11 నెలలే ఎందుకంటే, ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని జనంలో ఉన్న నమ్మకం. గడువయ్యాక కొత్త కాగితం రాసుకునేవాళ్లు తక్కువ. నోటిమాట మీదే ఏళ్లు గడుస్తాయి. నిశ్చింతగా గడిచిన ఆ ఏళ్లే, వేలం రోజున, బాడుగదారుకు అక్కరకు రాకుండా పోతాయి.

భోగ్యం

నెలనెలా బాడుగ కట్టేవాడి కన్నా పెద్ద ప్రమాదంలో ఉన్నది భోగ్యానికి ఇల్లు తీసుకున్నవాడు. బెంగళూరు నుంచి చిత్తూరు దాకా ‘లీజు’ అని కూడా అంటారు. కొన్ని లక్షలు ఒకేసారి ఓనరు చేతిలో పెట్టి, రెండు మూడేళ్లు బాడుగ లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ సొమ్ము తిరిగి తీసుకోవడం. నూటికి రూపాయిన్నర వడ్డీ లెక్కన 6 లక్షలకు నెలకు 9 వేలు. మన పోర్షన్ బాడుగ కూడా అంతే కాబట్టి ఇద్దరికీ లెక్క సరిపోతుంది. ఓనరుకు బ్యాంకు చుట్టూ తిరగకుండా పెద్ద మొత్తం దొరుకుతుంది. కాపురమున్నవాడికి, కూతురి పెళ్లికో పిల్లవాడి చదువుకో దాచిన సొమ్ము చెక్కుచెదరకుండా ఉందన్న ధీమా.

ఆ ధీమాకు చట్టంలో ఆధారం తక్కువ. తాకట్టు పెట్టిన ఇంటిని ఓనరు లీజుకిస్తే, 65ఏ సెక్షన్ ప్రకారం న్యాయమైన బాడుగ రావాలి, ముందస్తు బాడుగ గానీ ప్రీమియం గానీ తీసుకోకూడదు, భవనమైతే మూడేళ్లు మించకూడదు. మొత్తం సొమ్ము ముందే చేతులు మారే భోగ్యం ఈ షరతుల ముందు నిలబడటం కష్టం. తనఖాగా చూద్దామా అంటే, 100 రూపాయలు దాటిన స్వాధీన తనఖా రిజిస్టరు కావాలి. భోగ్యం కాగితాల్లో అలా రిజిస్టరయ్యేవి అరుదు. ఇల్లు వేలమయ్యాక ఓనరుకు వేరే ఆస్తి లేకపోతే, ఆ 6 లక్షలు ప్రోనోటు లేని చేబదులుతో సమానం. బ్యాంకు తన బాకీ తీసుకున్నాక మిగిలిన సొమ్ము ఓనరుకే పోతుంది. భోగ్యందారు దావా వేసి సంపాదించుకోవాల్సిందే.

పైగా ఇంటి మీద అప్పు ఉందని ముందే తెలుసుకోవడం కూడా అంత సులువు కాదు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తీసుకునే అప్పు అన్నిసార్లూ ఈసీలో (రుణభార ధ్రువపత్రంలో) కనపడదు. అలాంటి తాకట్టుల కోసమే 2011లో కేంద్రం సెర్సాయ్ అనే రిజిస్ట్రీని మొదలుపెట్టింది. కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా వెతకవచ్చు. ఇల్లు కొనేవాళ్లు వెతుకుతారు. భోగ్యానికి దిగేవాళ్లకు దాని పేరు కూడా చాలామందికి తెలియదు. బ్యాంకు కాకుండా ప్రైవేటు వడ్డీవ్యాపారి దగ్గర అప్పు ఉంటే ఇంకా చీకటి. అప్పుకు హామీగా క్రయ అగ్రిమెంటు రాయించుకోవడం ఇక్కడ మామూలే. తీర్చలేకపోతే ఒకరోజు కొత్త ఓనరు తలుపు కొడతాడు.

అమెరికాలో 2008 సంక్షోభమప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. నెలనెలా అద్దె తప్పకుండా కట్టినవాళ్లు, ఓనరు అప్పు తీర్చలేదని, సామానుతో వీధిన పడ్డారు.  2009 మేలో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ప్రకారం ఇల్లు జప్తులో కొన్నవాడు అద్దెదారుకు కనీసం 90 రోజుల నోటీసివ్వాలి. నిజమైన లీజు ఉంటే, కొన్నవాడు తానే అందులో కాపురం పెట్టకపోతే, గడువు పూర్తయ్యేదాకా ఉండనివ్వాలి. రాతకోతలు లేని నెలవారీ అద్దెకూ ఆ 90 రోజులు దక్కుతాయి. 2014 చివర గడువు తీరిన ఆ చట్టాన్ని 2018లో శాశ్వతం చేశారు. బ్యాంకుల వసూళ్లు దానివల్ల ఆగిపోలేదు.

చిత్తూరు వైపు

తిరుపతిది ఉన్నట్టుండి తగిలిన దెబ్బ. చిత్తూరుది నెమ్మదిగా సాగిన క్షయం. విజయ డెయిరీ 2002లో మూతపడింది. సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయి తిరుపతి కొత్త జిల్లా అయింది. 1911 నుంచి పెద్ద జిల్లాకు కేంద్రంగా ఉన్న పట్నం చిన్న జిల్లాకు కేంద్రమైంది. ఆఫీసులతోపాటు ఉద్యోగుల కాపురాలూ కదిలాయి. కొత్త కలెక్టరేటు తిరుచానూరు దగ్గర టీటీడీవారి పద్మావతి నిలయంలో పెట్టారు. యాత్రికుల కోసం కట్టిన భవనంలో జిల్లా యంత్రాంగమే బాడుగకు దిగింది. ఒక ఊళ్లో టులెట్ బోర్డులు పెరగడానికీ మరో ఊళ్లో అడ్వాన్సులు పెరగడానికీ ఒక్క గెజిట్ చాలు.

ఇలాంటప్పుడు ఓనరుకు మరో చిక్కు ఉంది. రాష్ట్రంలో ఇంటిపన్ను చాలాకాలం ఏటా వచ్చే అద్దె విలువ ఆధారంగా ఉండేది. 2021 ఏప్రిల్ నుంచి దాన్ని ఆస్తి మూలధన విలువకు మార్చారు. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా 15 శాతం లోపు పెంచాలన్నారు. బాడుగ పడిపోయినా రిజిస్ట్రేషన్ విలువ పడదు, కాబట్టి పన్నూ పడదు. కంతు మారదు, పన్ను తగ్గదు, కదిలేది బాడుగ ఒక్కటే.

చేయదగినవి

పెద్ద సంస్కరణల కోసం ఎదురుచూడకుండా చేయదగినవి కొన్ని ఉన్నాయి. 2017లో రాష్ట్రం 1960 నాటి చట్టం స్థానంలో కొత్త అద్దె చట్టం తెచ్చింది. 2021 జూన్లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టం నివాసాలకు అడ్వాన్సును రెండు నెలల బాడుగకు పరిమితం చేసింది. రెండింటికీ ఆధారం రాతపూర్వక ఒప్పందమే. వార్డు సచివాలయం స్థాయిలో నామమాత్రపు ఖర్చుతో బాడుగ ఒప్పందం నమోదు చేసుకునే ఏర్పాటు ఉంటే, కొర్లగుంటలో ఒంటిగది బాడుగదారుకు కూడా చేతిలో ఒక తేదీ, ఒక నంబరు ఉంటాయి. భోగ్యం కాగితం రాసేముందు ఈసీతోపాటు సెర్సాయ్ వెతుకుడు కూడా నోటరీ దగ్గరే చేసి, ఆ కాగితానికి జతచేయవచ్చు.

ఇక ముందు మారటోరియం ఇచ్చినప్పుడు, బాడుగ మీద ఆధారపడిన ఇంటి అప్పులకు ఒక షరతు పెట్టవచ్చు. కంతు వాయిదా కావాలన్న ఓనరు ఆ మేరకు బాడుగ కూడా వాయిదా వేస్తున్నట్టు రాసివ్వాలి. అలా రాసిచ్చినవాడికి ఆ నెలల వడ్డీ తగ్గాలి. 1938 చట్టం వెనకున్న ఆలోచన ఇదే.

చివరిది కలెక్టరాఫీసుకు సంబంధించినది. బ్యాంకు ఇంటిని భౌతికంగా స్వాధీనం చేసుకోవడానికి సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టినప్పుడు, 2013 సవరణ ప్రకారం తొమ్మిది అంశాలతో అఫిడవిట్ ఇవ్వాలి: అప్పు ఎంత, తాకట్టు ఏమిటి, నోటీసు ఎప్పుడిచ్చారు, జవాబిచ్చారా, ఇలా. ఆ తొమ్మిదింటిలో ఇంట్లో ఎవరు కాపురముంటున్నారన్న ప్రశ్న లేదు. పదో అంశంగా దాన్ని చేర్చడానికి పార్లమెంటు సవరణ కావాలి. అప్పటిదాకా తిరుపతి, చిత్తూరు కలెక్టర్లు అర్జీ తీసుకునేటప్పుడు బాడుగదారుల పేర్లు, వాళ్లు దిగిన తేదీ, ఇచ్చిన అడ్వాన్సు రాసి ఉన్న ఒక పేజీ అడగడానికీ, తహసీల్దారును పంపేముందు ఆ పేర్లకు నోటీసివ్వడానికీ 2014 నాటి తీర్పే చాలు.